వందనాలమ్మ చెప్పని వందనం

పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఆమెకు ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బేకరీలో, వీధిలో, చర్చిలో, చివరికి కట్టుకున్న మొగుడి నోట కూడా ఆమె వందనాలమ్మే. పొద్దున స్టవ్వు మొదటి పుల్లకే అంటుకుంటే వందనం. కుళాయిలో నీళ్ళొస్తే వందనం. రాకపోతే, నిన్న బిందె నింపి ఉంచుకునే బుద్ధి పుట్టించినందుకు వందనం. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు వినబడేలా "వందనాలు నాయనా" అని మరీ దిగుతుంది. కొత్త డ్రైవర్లయితే ఎవరో దూరపు చుట్టమనుకుని, గుర్తుపట్టనందుకు కంగారుపడి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతారు.

ఇక భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టిందంటే గోధుమ పండించినవాడి దగ్గర్నుంచి ఉప్పు అమ్మినవాడి దాకా అందరూ వచ్చి ఆ కంచం చుట్టూ కూర్చోవలసిందే. ఆమె మొగుడు ఇళ్ళకు రంగులు వేస్తాడు, ఆకలితో వస్తాడు. "నీ దేవుడికి ఓపికుంది గానీ నా కూరకి లేదే, చల్లారిపోతోంది," అంటాడు. "కూర చల్లారినా లేచిపోని మొగుణ్ణిచ్చినందుకు వందనం," అని కలిపి, అప్పుడు ఆమెన్ అంటుంది.

ఈ అలవాటు తల్లి పెట్టింది. చిన్నప్పుడు ఆటకు పరిగెత్తే తొందరలో "అన్నిటికీ వందనాలు దేవా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, తల్లి చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టేది. "అన్నిటికీ అంటే దేనికీ కాదు. ఒక్కటి పేరు పెట్టి చెప్పు. అది ఎవరి చేతి మీదుగా నీకొచ్చిందో ఆ చెయ్యి కూడా చెప్పు. అప్పుడు లే." దాంతో దేవుడితో టోకు బేరం ఆమెకు అబ్బలేదు. అంతా చిల్లరే.

ఇన్నిసార్లు వందనం చెప్పే మనిషిని చూస్తే లోకానికి ఒక ధీమా వస్తుంది, ఈవిడ దేనికీ కాదనదులే అని. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా పెద్దలు? నోట్లో వందనం ఉన్నంత మాత్రాన నడుంలో ఎముక లేదనుకోవడం తెలివితక్కువతనం. బేకరీ యజమాని ఆ తెలివితక్కువ పనే చేశాడు.

అసలు సంగతికి వచ్చేముందు ఆమె లోపం కూడా చెప్పుకోవాలి. బస్సు డ్రైవరుకు కూడా వందనం చెప్పే ఈ మనిషి, ఒక్కరికి మాత్రం చెప్పదు. ఆ ఒక్కరూ ఆమె తోడికోడలు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. మధ్యలో గోడ లేపుకుని చెరో రెండు గదుల్లో ఉంటారు. అత్తగారు పోయిన రోజున, శవాన్ని ఇంకా బయటికి తియ్యకముందే, తోడికోడలు నలుగురిలో ఒక మాట అనేసింది. "మా అక్కకి అంతా నోటితోనే. ఆ నోటితో పాటు చెయ్యి కూడా కదిలుంటే అత్తయ్యకి ఆఖర్లో ఇంకో గ్లాసు నీళ్ళు అందేవి." ఉత్త అబద్ధమైతే వందనాలమ్మ దులిపేసుకునేదే. కానీ రెండు షిఫ్టులు చేసొచ్చి మంచం పక్కన కూర్చునే ఓపిక లేక, అత్తగారిని గోడవతలి మనిషికే వదిలేసిన మాట నిజం. నిజమున్న నింద ఎక్కువ మండుతుంది. ఆనాటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పే. ఒకే బేకరీలో పని, ఒకే బస్సులో ప్రయాణం, చర్చిలో ఒకే బల్ల మీద కూర్చోవడం. మాట మాత్రం లేదు.

బేకరీ అంటే ఏదో అద్దాల అల్మారాలో కేకులు పెట్టి అమ్మే కొట్టు కాదు. గోదాముల వీధి చివర రేకుల కప్పుతో ఉన్న పెద్ద షెడ్డు. ఒక మూల పిండి కలిపే గుండిగలు, గోడ పొడుగునా ఓవెన్లు, మధ్యలో రొట్టెలు ఆరబెట్టే ఇనుప అరలు. అరల అవతల బ్రెడ్డు కోసే మిషను, దాని పక్కన ప్యాకింగు బల్ల. ఎక్కడ చెయ్యి పెట్టినా పిండే. సాయంత్రం ఇంటికెళ్ళి జుట్టు దులుపుకుంటే పడేదీ పిండే.

కోసే మిషనులో బ్లేడ్లు వరసగా నిలబడి కిందికీ పైకీ ఆడుతుంటాయి. ఇటు రొట్టె పెడితే అటు ముక్కలై వస్తుంది. బ్లేడ్ల మీద ఇనుప మూత ఉంటుంది. ఆ మూత ఎత్తితే మోటారు దానంతటదే ఆగిపోయేలా కింద ఒక స్విచ్చి అమర్చి ఉంటుంది. రొట్టె బాగా చల్లారాక కోస్తే ఏ గొడవా లేదు. వేడిమీద కోస్తే నలిగిపోయి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటుంది. గిరాకీ పెరిగింది, వ్యానులు తొందరపెట్టాయి, యజమాని వేడి రొట్టెలే కోయించడం మొదలుపెట్టాడు. ఇరుక్కున్నప్పుడల్లా మూత ఎత్తడం, మిషను ఆగడం, మళ్ళీ వెయ్యడం. ఈ ఆగడం ఆయన కంటికి నష్టంలా కనబడింది. మూత ఊడదీయించి, కింది స్విచ్చిని తీగతో బిగించి కట్టించాడు. ఇక మిషను దేనికీ ఆగదు. చెయ్యి పెట్టినా ఆగదు.

వందనాలమ్మ ఎడమచేతి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ అలాగే పోయాయి. ఇరుక్కున్న రొట్టెను లాగబోయింది, అంతే. ఆమె కేక పెట్టేలోపు ప్యాకింగు బల్ల దగ్గర్నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి, గోడలోని ప్లగ్గును వైరుతో సహా పీకేశారు. మిషను ఆగింది. అది ఇంకో క్షణం ఆడి ఉంటే మిగతా చెయ్యి కూడా దక్కేది కాదని తర్వాత డాక్టరు చెప్పాడు. పీకినావిడే తన కొంగు చింపి చేతికి చుట్టి, యజమాని కారులో ఆసుపత్రి దాకా ఆ చేతిని పైకెత్తి పట్టుకుని కూర్చుంది. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర దింపి, "ఇక వాళ్ళు చూసుకుంటారు" అని గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడే తోడికోడలు.

అప్పట్నుంచి వందనాలమ్మ రోజూ ప్రార్థనలో ఆ చోటికి వచ్చేసరికి తడబడేది. "మిషను ఆపినందుకు వందనం దేవా" అనేది. ఎవరి చేతి మీదుగా ఆపావో చెప్పు అని చచ్చిపోయిన తల్లి పక్కన కూర్చుని గద్దించినట్టే ఉండేది. నాలుక చివరిదాకా వచ్చేది. అత్తగారి శవం దగ్గరి మాట గుర్తొచ్చేది. మింగేసి ఆమెన్ అనేసేది. తన దేవుడితోనే తాను టోకుగా మాట్లాడుతున్నానని ఆమెకు తెలుసు, సిగ్గు కూడా పడింది. సిగ్గుపడి కూడా చెప్పలేకపోయింది.

పుండు మానాక ఆమెను ప్యాకింగు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కోసే మిషను దగ్గరికి చురుకైన మనిషి కావాలని యజమాని తోడికోడల్ని నిలబెట్టాడు. మూత ఏదీ అని ఆవిడ అడగకపోలేదు. "కొత్తది చెప్పి ఉంచానమ్మా, వస్తుంది," అన్నాడాయన. పాత మూత ఎక్కడికీ పోలేదు. స్టోరు గదిలో పిండి బస్తాల మీద బోర్లా పడి ఉంది. దాని మీద టీ గ్లాసులు పెడుతున్నారు.

ఒక మధ్యాహ్నం వందనాలమ్మ ప్యాకెట్లకు ముడి వేస్తూ తలెత్తి చూసింది. తోడికోడలి చెయ్యి, మణికట్టు దాకా, ఆడుతున్న బ్లేడ్ల పక్కకు వెళుతోంది. నలిగిన రొట్టె కొసను పట్టుకుంటోంది.

"చెయ్యి!" అని అరిచింది. ఇన్నేళ్ళ తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

తోడికోడలు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా చెయ్యి సంగతి నాకు తెలుసులే," అంది. కానీ ఆ చెయ్యి మళ్ళీ రొట్టె మీదికి పోలేదు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ చూడనట్టే పనిలో పడ్డారు.

ఆ వారంలోనే యజమాని వందనాలమ్మను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. ఎప్పుడూ చూపించనివాడు కుర్చీ చూపించాడంటేనే ఏదో ఉందని అర్థం. ఆయన చర్చిలో సంఘపెద్ద కూడా. సంవత్సరానికోసారి జరిగే కృతజ్ఞతా కూడికకు బల్ల నిండా రొట్టెలు ఆయనే పంపిస్తాడు.

"ఈ ఆదివారం కూడికలో నువ్వు లేచి, నీకు దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పాలమ్మా," అన్నాడు. "నీకంటే బాగా ఎవరు చెప్తారు? దేవుడు రెండు వేళ్ళు తీసుకుని ఎనిమిది మిగిల్చాడని చెప్పు. బేకరీ నిన్ను వదిలెయ్యలేదని చెప్పు. బయట ఏవేవో కూస్తున్నారు, మా బ్రెడ్డులో వేళ్ళొస్తాయని. నీ నోటితో వింటే నమ్ముతారు. అయిపోయినదానికి కూడా స్తోత్రం చెప్పేదే కదా విశ్వాసం?"

"మూత పెట్టిస్తారా అయ్యా?"

"దాని సంగతి వేరు, దీని సంగతి వేరు." ఆయన నవ్వాడు. "ప్యాకింగు దగ్గర నీకోసమే చోటు ఉంచాను. గుర్తుంది కదా?"

ఎనిమిది వేళ్ళ మనిషికి ఇంకో చోట పని ఎవరిస్తారు? ఆ మాట ఆయన అనలేదు, అనక్కర్లేదు కూడా. ఆయన దుర్మార్గుడైనా బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకునే మనిషి. ఇలాంటివాళ్ళతోనే పెద్ద చిక్కు.

సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. మంచివాడే, కాస్త పిరికి. యజమాని చెవిలో వేసిన మాటే ఈయన నోట్లోంచి ఇంకొంచెం మెత్తగా వచ్చింది. "కష్టంలో కూడా కృతజ్ఞత చెప్పడమే కదమ్మా మన సాక్ష్యం."

"అయ్యగారూ, దొంగ ఇంట్లో పడి మనల్ని చంపకుండా పోయాడనుకోండి. ప్రాణం దక్కిందని దేవుడికి వందనం చెప్తాం. దొంగక్కూడా చెప్తామా?"

పాస్టరుగారు టీ అడుగంటా తాగి గ్లాసు కింద పెట్టారు. "ఆయన దొంగ కాదు కదమ్మా," అన్నారు చివరికి.

"నేను దొంగన్నానా?" అంది వందనాలమ్మ.

ఆయన వెళ్ళాక మొగుడు గోడకు ఆనుకుని అన్నాడు, "ఊరికే గొడవెందుకే? రెండు ముక్కలు చెప్పి కూర్చో. నీకు వందనాలు కొత్తా?"

ఆ మాటకు ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా వందనాలు అంత చవకైపోయాయా? ఎవడు పడితే వాడు తన తప్పు తుడుచుకునే గుడ్డలా?" అంది. "అడిగినవాళ్ళందరికీ చెప్పేస్తే ఇంతకాలం దేవుడికి చెప్పినవి ఏమైనట్టు?" గోడవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. పలచని గోడ అది.

ఆదివారం చర్చి నిండింది. ముందు బల్ల మీద బేకరీ రొట్టెలు చక్కగా ముక్కలు కోసి పేర్చి ఉన్నాయి. యజమాని భార్యతో సహా మొదటి వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు పిలవగానే వందనాలమ్మ వెళ్ళి నిలబడి, ఎడమచెయ్యి కొంగులో దాచుకోకుండా బల్ల అంచు మీద పెట్టింది.

ఆమె ధోరణిలో ఆమె మొదలుపెట్టింది. కుట్లు వేసిన డాక్టరుకు, కట్టు మార్చిన నర్సుకు, ఆ నర్సు పాడిన కూనిరాగానికి, అన్నం తినిపించిన మొగుడికి, అతను వేళ్ళకంటిన రంగు కడుక్కోకుండానే తినిపించినందుకు కూడా. జనం నవ్వారు. "మా యజమానిగారు కారు తీసి, హారను కొట్టుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కారంతా రక్తమైనా ఒక్క మాట అనలేదు. దానికి దేవునికీ, ఆయనకీ వందనాలు," అంది. యజమాని తృప్తిగా తలాడించాడు. నిజమైన మేలు ఎవరు చేసినా దాచడం ఆమెకు చేతకాదు.

"ఇంకొకటుంది. ఇన్నాళ్ళు చెప్పనిది." ఆమె తోడికోడలు కూర్చున్న వైపు తిరిగింది. "ఆ రోజు మిషను ఆపింది మా తోడికోడలు. ఉత్త చేతుల్తో వైరు పీకింది. తనకి షాకు కొడుతుందేమో అని చూసుకోలేదు. ఆ చేత్తోనే దారి పొడుగునా నా చేతిని పట్టుకుంది. మా అత్తగారికి ఆఖరి దాకా నీళ్ళు పట్టింది కూడా ఆ చెయ్యే. నాకు పౌరుషం అడ్డొచ్చి దేవుడి దగ్గర కూడా తన పేరెత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నాను. చెల్లీ, నీ చేతికి వందనం."

తోడికోడలు తల దించుకుని ఎవరికీ మొహం చూపించలేదు.

"ఆ చెయ్యి ఇప్పుడు అదే మిషను దగ్గరుంది," అంది వందనాలమ్మ. "దాని మీద మూత లేదు. స్విచ్చి తీగతో కట్టేసి ఉంది. మొన్న ఆ చెయ్యి బ్లేడ్ల పక్కకెళ్ళడం నా కళ్ళతో చూశాను. వేళ్ళు పోయినందుకు కూడా స్తోత్రం చెప్పమన్నారు నన్ను. నేను చెప్పను. నా వేళ్ళు దేవుడు తీసుకోలేదు. దేవుడికి నా వేళ్ళెందుకు? మూత తీసిన చెయ్యి మనిషిది. మనిషి చేసిన పని దేవుడి నెత్తిన పెట్టి, దానికి నా చేత ఆమెన్ అనిపిస్తే, అది స్తోత్రం కాదు, ఆయన్ని తిట్టడం. రేపు తన వేళ్ళు పోతే, వచ్చే ఏడు తననిక్కడ నిలబెడతారు. నేనక్కడ కూర్చుని ఆమెన్ అనాలి. అనను!"

యజమాని లేచాడు. "ఇది సాక్ష్యమా, నా మీద ఫిర్యాదా?"

"నేను ఎవరి పేరూ చెప్పలేదు కదయ్యా," అందామె.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఎవరో వెనక వరసలో గొణిగారు. నిలబడ్డ మనిషి ఎలా కూర్చోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు. పాస్టరుగారి పరిస్థితి మరీ కష్టం. సాక్ష్యం అయ్యాక స్తోత్రం చెప్పించడం ఆయన పని. పాటల పుస్తకం తెరిచారు, మూశారు.

అప్పుడు తోడికోడలు లేచింది. పొట్టి మనిషి, లేచినా కూర్చున్నట్టే ఉంటుంది, కానీ గొంతు పెద్దది. "రేపు మూత పెట్టేదాకా నేను మిషను ముట్టుకోను," అంది. తర్వాత వందనాలమ్మ వైపు తిరిగి, "ఇంక చాల్లే, రా అక్కా, వచ్చి కూర్చో," అంది, కసురుతున్నట్టే.

పాస్టరుగారు ఒక్కసారి యజమాని మొహం చూశారు, ఒక్కసారి బల్ల మీద ఉన్న ఆ మూడు వేళ్ళ చేతిని చూశారు. "ఆమెన్," అన్నారు. మెల్లగానే అన్నారు గానీ, అన్నారు. దాంతో చర్చంతా అంది.

ఆదివారం ఆమెన్ అన్నవాళ్ళంతా సోమవారం నిలబడరు. అది ఆమెకు తెలియనిది కాదు. సోమవారం పొద్దున బస్సులో తోడికోడలి పక్కనే కూర్చుంది. షెడ్డులోకి వెళ్ళాక తోడికోడలు మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడింది. వందనాలమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. ప్యాకింగు బల్ల దగ్గరున్న ఆడవాళ్ళు కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఒకావిడ ప్యాకెట్ల కట్ట కింద పడేసి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళూ వచ్చారు.

ఓవెన్లలోంచి రొట్టెలు వస్తూనే ఉన్నాయి. అరలు నిండాయి, బల్లలు నిండాయి, ఇక నేల మీద పరిచిన గోనెల మీద పెట్టడమే మిగిలింది. బయట వ్యానులు హారన్లు కొడుతున్నాయి. యజమాని వచ్చి అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. "అందర్నీ తీసేసి కొత్తవాళ్ళని పెట్టుకుంటాను!"

"పెట్టుకోండయ్యా," అంది తోడికోడలు. "వాళ్ళకి కూడా వేళ్ళుంటాయి, చూసి పెట్టుకోండి."

వ్యాను డ్రైవరు లోపలికి తొంగి చూసి, "కొయ్యని బ్రెడ్డు ఏ కొట్టువాడూ తీసుకోడండీ," అని చెప్పి పోయాడు. యజమాని ఫోను తీశాడు. ఇంకాసేపటికి మిషన్లు బాగుచేసే ఫిట్టరు పెట్టె పట్టుకుని వచ్చాడు. స్టోరు గదిలోంచి గ్లాసులు దించిన చప్పుడయింది. మూత తెచ్చి, తుడిచి, మరలు బిగించాడు. మిషను కింద పడుకుని స్విచ్చి తీగ కత్తిరించి, ముక్కను బయటికి విసిరేశాడు. వందనాలమ్మ అతని దగ్గరకెళ్ళి వంగి, "తమ్ముడూ, నీకు వందనం. ఒళ్ళంతా పిండి చేసుకున్నావు," అంది. అతను సిగ్గుపడి మొహం ఇంకా లోపలికి పెట్టుకున్నాడు.

యజమాని అది విన్నాడు. అందరిముందు పోయిన పెద్దరికం ఎంతో కొంత తిరిగి తెచ్చుకుందామనుకున్నాడు కాబోలు. "వాడికి చెప్పావు, పెట్టించిన నాకు చెప్పవా? బస్సు డ్రైవరుకు కూడా చెప్తావటగా," అన్నాడు.

ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ప్యాకింగు బల్ల దగ్గర ఆమె చోటు ఖాయమయ్యేది. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె జీవితంలో ఎవరైనా నాకు చెప్పు అని ఎదురుగా అడిగి మరీ వందనం చెప్పించుకోబోవడం అదే మొదటిసారి.

"కారులో తీసుకెళ్ళినందుకు నిన్న చెప్పానయ్యా, రేపు కూడా చెప్తాను," అంది. "తీసిన మూత మళ్ళీ పెట్టినందుకు చెప్పను. అది తియ్యకూడనిది."

ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రేపు ఏమంటాడో ఎవరికీ తెలియదు. వందనాలమ్మ కొంగు బిగించుకుని ప్యాకింగు బల్ల దగ్గర తన చోట్లో కూర్చుంది. తోడికోడలు మిషను వేసింది. నాలుగైదు రొట్టెలు బాగానే వెళ్ళాయి. తర్వాతది వేడిది, ఇరుక్కుంది. తోడికోడలు మూత ఎత్తింది. మిషను ఆగిపోయింది. ఆమె లోపల నలిగిన రొట్టెను తీరిగ్గా, రెండు చేతులతో, బయటికి తీసింది.